డిష్షుకు నాయిన చేసిన పూజ

నాయిన దినాలనాడు బీరంగూడలో అన్న ఇంటి ముందు వేసిన షామియానా కింద, నాయినతో కలిసి కంపెనీలో పనిచేసిన పెద్దమనిషి ఒకాయన అందరూ వినేలా ఒక మాట అన్నాడు. కొడుకును వేళకు కంపెనీలో పెట్టించి ఇల్లు నిలబెట్టాడట మా నాయిన. లేకపోతే ఆ పోరగాడు డిష్షులూ తీగలూ అనుకుంటూ ఊళ్లోవాళ్ల ఇంటి దాబాల మీద తిరిగి చెడిపోయేవాడట. బంతిలో కూర్చున్నవాళ్లంతా తలలూపారు. వడ్డిస్తున్న మా అన్న మల్లేశం కూడా తలూపి, ఆయన విస్తట్లో ఇంకో గరిటె కూర వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ఆ రోజు అది నాలుక చివరిదాకా వచ్చింది. అన్న నావైపు ఒక చూపు చూశాడు. ఇక చేసేదేముంది, మంచినీళ్ల జగ్గు అందుకున్నాను.

ఆ పెద్దమనిషికి తెలియని సంగతి ఒకటి ఉంది. అది తెలియకుండానే మా అమ్మ కన్నుమూసింది, ఇప్పుడు నాయిన కూడా తెలుసుకోకుండానే వెళ్లిపోయాడు. అన్నకూ నాకూ మాత్రమే తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పుడు దాచాల్సిన మనిషే లేడు కాబట్టి రాస్తున్నాను.

జిన్నారం వైపున్న మా ఊళ్లో మా ఇల్లు సగం పెంకులది, సగం స్లాబుది. పెంకుల సగం మడి దున్నిన కాలానిది, స్లాబు సగం కంపెనీ కాలానిది. వాగు పక్కన మాకున్న మడికి ఒక ఏడు నీళ్లు ఎర్రగా, ఒక ఏడు నురగతో వచ్చేవి. వరి పొట్టకొచ్చి తాలు పోయేది. అట్లా రెండు మూడు పంటలు పోయాక నాయిన అరక పక్కన పెట్టి, మందుల కంపెనీలో పనికి కుదిరాడు. ఆయన డ్యూటీ దిగి వస్తుంటే మనిషి కంటే ముందు వాసన వచ్చేది. కాలిన ప్లాస్టిక్కూ, పులిసిన గంజీ కలిసినట్టుండే ఆ వాసనను మా ఇంట్లో 'మందు' అనేవాళ్లం. మందు వచ్చిందంటే నాయిన వచ్చినట్టు. చొక్కా విప్పి కొట్టంలో మేకుకు తగిలించి, అక్కడే తొట్టి దగ్గర స్నానం చేసి, అప్పుడే గడప దాటేవాడు. అమ్మ ఆ చొక్కాను కట్టెతో ఎత్తి, కుంకుడు రసం కలిపిన వేరే గంగాళంలో వేసేది. మా బట్టలతో కలవనిచ్చేది కాదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టుకొని కూర్చున్నాక దగ్గు మొదలయ్యేది. రొట్టె తుంచడం, దగ్గడం, నీళ్లు తాగడం, మళ్లీ తుంచడం. మేం ఆ దగ్గుకు ఎంత అలవాటు పడ్డామంటే, అది లేని పూట ఇంట్లో ఎవరో తక్కువైనట్టుండేది.

నాయినకు ఒక పద్ధతి ఉండేది. ఏ పనిముట్టునైనా కళ్లకద్దుకోనిదే పట్టేవాడు కాదు. మడి ఉన్నప్పుడు నాగలి, తర్వాత కంపెనీలో మిషను. మిషనుకు దండం పెడుతున్నాడని బీహారు పోరగాళ్లు నవ్వేవాళ్లట మొదట్లో. తర్వాత వాళ్లూ పెట్టడం మొదలుపెట్టారని చెప్పుకొని మురిసిపోయేవాడు. దసరాకు వాళ్ల సెక్షన్లో ఆయుధపూజ ఆయన చేతుల మీదుగానే జరిగేది. ఎవరైనా మిషనుకు బొట్టు పెడతారు, గుమ్మడికాయ కొడతారు. నాయినది అంతటితో అయ్యేది కాదు. నిమ్మకాయను రెండు చెక్కలు చేసి, కుంకుమ అద్ది, మిషన్లో సరుకు పడేచోట లోపలికి పెట్టేవాడు. ఏ దిష్టి అయినా సరుకుతోపాటే లోపలికి పోతుందట, అందుకని కాపలా వాకిట్లోనే ఉండాలట. మిషను ఆన్ చేయగానే మొదట ఆ నిమ్మకాయ నలిగేది, తర్వాతే సరుకు. ఆ సెక్షన్లో ఒక్కరి వేలు కూడా తెగలేదంటే తన నిమ్మకాయ పుణ్యమేనని ఆయన నమ్మకం.

అన్న పది తప్పి, పటాన్‌చెరులో ఒక టీవీ రిపేరు దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. వాడికి దేవుడు ఏం రాశాడో గానీ, వాడు రాసుకున్నది ఒక్కటే: కంపెనీకి పోవద్దు. నాయిన దగ్గు విన్న చెవులతో వాడు ఆ గేటు దాటలేనన్నాడు. నాయినకు ఇది పొగరుగా కనపడేది. దవాఖాన కార్డు ఇస్తారు, క్యాంటీన్లో అన్నం పెడతారు, ఎండా వానా లేదు, ఇంకేం కావాలి మనిషికి? సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి వాడి కోసం ఒక జాగా చెప్పి పెట్టాడు. తీగల పనీ ఒక పనేనా అనేవాడు. అమ్మ మాత్రం వాడి పక్షమే. నాయిన ముందు అనేది కాదు, పొయ్యి దగ్గర రొట్టె కొడుతూ నాతో అనేది: "ఈ ఇంట్ల ఒక్క మనిషిని మింగింది చాలదా బిడ్డా ఆ కంపెనీకి?" చివరికి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. దసరాదాకా వాడి ఇష్టం. దసరాకు తీగల పని నిలబడకపోతే కంపెనీ.

ఆ ధైర్యంతోనే అన్న డిష్షు తెచ్చాడు. హైవే మీద ఒక లాడ్జి వాళ్లు కొత్తది పెట్టుకొని పాతది పడేస్తే, ట్రాక్టరు మీద వేయించుకొని వచ్చాడు. ఇప్పటి పిల్లలకు డిష్షంటే గోడకు తగిలించే పళ్లెం. అప్పటిది మా వంటింటి కంటే పెద్దది, జాలితో చేసింది, నలుగురు పట్టి స్లాబు మీదికి ఎక్కించారు. అమ్మ చుట్టూ తిరిగి చూసి, ఇందులో వడియాలు బాగా ఎండుతాయంది. వాడు మూతి ముడుచుకున్నాడు గానీ, నవ్వాపుకోలేక మళ్లీ విప్పాడు.

దాన్ని నిలబెట్టడం ఒక ఎత్తు, దాని నడుమ ఉండే గొట్టాన్ని సరిచేయడం ఒక ఎత్తు. దుకాణంలో దాన్ని ఫీడ్ హార్న్ అనేవాళ్లు. చెంబు లావు అల్యూమినియం గొట్టం, మూతి చుట్టూ ఒకదాని వెలుపల ఒకటి వలయాలు, లోపల చిటికెన వేలంత పుల్ల. డిష్షు అంచుల నుంచి వచ్చిన కడ్డీలు దాన్ని మధ్యలో ఎత్తిపట్టి ఉంచుతాయి. కందిరీగలు గూడు పెట్టకుండా మూతికి ఒక ప్లాస్టిక్ మూత. ముందుగా అన్న డిష్షు అంచుకు అడ్డంగా, నిలువుగా రెండు దారాలు కట్టాడు. నడుమ అవి ఒకదానికొకటి తాకితేనే జాలి వంకర పోలేదని లెక్కట. తర్వాత గొట్టం పని. జాలికి దగ్గరైతే ఒక తంటా, దూరమైతే ఒక తంటా. అది కుదిరిందనుకుంటే గొట్టాన్ని దాని ఒంటిమీదే అటూ ఇటూ తిప్పాలి. గోరంత ఎక్కువ తిప్పితే ఉన్న బొమ్మా పోతుంది.

పైన ఉన్నవాడికి టీవీ కనపడదు, టీవీ ముందున్నవాళ్లకు పైన ఏం జరుగుతుందో తెలియదు. అందుకని నేను నడిమింట్లో టీవీ ముందు, అమ్మ గడపలో, అన్న పైన. నేను చూసింది అమ్మకు చెబితే, అమ్మ మెడ ఎత్తి వాడికి అరచి చెప్పాలి. కానీ అమ్మ ఎవరి మాట ఉన్నదున్నట్టు చెబుతుంది? తానే ఒకసారి తొంగిచూసి తన మాటలో చెప్పేది. తెర అంతా తెల్లగా గలగలలాడుతుంటే 'పిండి' అనేది. కొంచెం బొమ్మ కదిలి చుక్కలు పెద్దగా ఉంటే 'ఆవాలు'. చుక్కలు సన్నబడితే 'నువ్వులు'. మొదట్లో అన్న చిరాకు పడ్డాడు. నాలుగు రోజులు పోయేసరికి వాడే పైనుంచి ఆవాలా నువ్వులా అని అడగడం మొదలుపెట్టాడు. దుకాణంలో ఉన్న మీటరు కంటే మా అమ్మే నయమని చెప్పాడు. వానల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ మళ్లీ తొంగిచూసింది. తెర మీద ఏ దేశపుదో ఒక ఆడమనిషి, చెవుల కమ్మలతో సహా కనపడుతూ, మాకు తెలియని భాషలో వార్తలు చదువుతోంది. అమ్మ నెమ్మదిగా, "పెరుగు తోడుకున్నది రా" అంది. పైన అన్న వేసిన కేకకు పక్కింటి బర్రె బెదిరింది.

ఆ తర్వాత మా డిష్షు నుంచి వాడకట్టు ఇళ్లకు తీగలు పోయాయి. సాయంత్రమైతే జనం మా అన్న పేరు పెట్టి పిలిచి, ఫలానాది పెట్టమని అడగడం. అమ్మ ముఖంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు. నాయిన మంచం మీద పడుకొని చూసేవాడు గానీ మాట ఉండేది కాదు. ఒక రోజు మాత్రం, ఎవరూ అడగకుండానే, గింత దూరం నుంచి బొమ్మ ఎట్లా వస్తుందిరా అన్నాడు. అన్న ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. పళ్లెం తెచ్చి, గ్లాసు తెచ్చి, నాయినకు చూపించాడు. పైనుంచి వచ్చేదంతా ఈ జాలి మీద పడుతుంది, జాలి మీద పడ్డదంతా తిరిగిపోయి ఈ గొట్టంలో పడుతుంది, మనకు వచ్చే సరుకంతా దీంట్లోంచి పోవాల్సిందే అని విడమరిచి చెప్పాడు. నాయిన గ్లాసును చేతిలో తిప్పి చూసి, మంచిదన్నాడు.

దసరానాడు పొద్దున అన్న తీగ కోసం పటాన్‌చెరు పోయాడు. ముందురోజు కంపెనీ పూజలో మిగిలిన నిమ్మకాయలు, కుంకుమ నాయిన సంచిలో ఉన్నాయి. తలస్నానం చేసి, తడి ధోతితో, ఇత్తడి పళ్లెం పట్టుకొని దగ్గుకుంటూ నిచ్చెన ఎక్కుతుంటే నేనూ అమ్మా వాకిట్లో నిలబడి చూశాం. డిష్షు నిలబెట్టిన పైపుకు పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు. తర్వాత చాలాసేపు డిష్షు వెనక కనపడకుండా ఏదో చేశాడు. ఇవతలికి వచ్చి కళ్లు మూసుకొని దండం పెట్టాడు. కొడుకు పనికి మా నాయిన చేతులు జోడించడం అదే మొదలు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మధ్యాహ్నం అన్న వచ్చి పైకి పోయి, పైపుకున్న పసుపు చూసి, చాలాసేపు దిగలేదు. దిగి, జమ్మి ఆకు నాయిన చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, నాయిన వాడి భుజం పట్టుకొని లేపాడు. ఒప్పందం సంగతి ఇక ఎవరూ ఎత్తాల్సిన పని లేదని మాకందరికీ అర్థమైంది.

అదే సాయంత్రం టీవీ పెట్టేసరికి బొమ్మ లేదు. జమ్మి పెట్టడానికి వచ్చినవాళ్లు, మా టీవీ రావట్లేదంటే మా టీవీ రావట్లేదన్నారు. అమ్మ తొంగిచూసి పిండి అంది. గాలికి డిష్షు తిరిగిందనుకున్నాడు అన్న. మూత పెట్టి ఉన్న గొట్టంలోకి చూడాలని వాడికి తోచనేలేదు, దాన్ని తీసినవాళ్లున్నారని తెలిస్తే కదా. బోల్టులు వదులు చేసి డిష్షు తిప్పాడు. బొమ్మ రాకపోయేసరికి గొట్టం జరిపాడు. జరిపాక పాత గుర్తు ఎక్కడుందో తప్పిపోయింది. మళ్లీ దారాలు కట్టాడు, మళ్లీ తిప్పాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆవాలా అని వాడు అడగడం, పిండేరా నాయినా అని అమ్మ చెప్పడం. చివరికి అమ్మ గొంతు పోయి, నేనే వాకిట్లోకి వచ్చి చేతులు ఊపేదాన్ని. జనం ఎన్నాళ్లు ఆగుతారు? ఊరవతలి నుంచి ఇంకొకతను తన తీగలు లాక్కొచ్చాడు, మా వాడకట్టంతా అటు తిరిగింది. మా తీగలు ఇంటి చూర్ల కింద వేలాడుతూ ఉండిపోయాయి. దీపావళి దాటాక నాయిన కంపెనీలో మాట్లాడి వచ్చాడు. అన్న డ్యూటీకి ఎక్కాడు. కొట్టంలో మేకు మీద రెండు చొక్కాలు వేలాడటం చూసి, అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

కొన్నాళ్లకు ఒక సెలవునాడు, డిష్షు విప్పి వెలిమెలలో ఎవరికో అమ్మేద్దామని అన్న పైకెక్కాడు. బోల్టులు పట్టుకోవడానికి నేనూ ఎక్కాను. గొట్టం ఊడదీసి, మూత తీసి చూసి, అట్లాగే కూలబడ్డాడు. లోపల ఎండి నల్లబడ్డ నిమ్మచెక్క, దాని కింద నలిగిపోయిన ఇంకో చెక్క. ఆ సన్నపుల్లకు పసుపూ కుంకుమా తడిపి మెత్తినట్టు గట్టిపడి ఉన్నాయి. చూడగానే ఇద్దరికీ తెలిసిపోయింది, ఎవరి చెయ్యో. సరుకు పడేచోట కాపలా పెట్టాడు మా నాయిన. వానకు తడవకుండా మళ్లీ మూత కూడా బిగించాడు. నాకు ఏడుపు, నవ్వు, కోపం మూడూ ఒక్కసారే వచ్చాయి. కిందికి పోయి చెప్పేస్తానని లేచాను. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "నాయినకు చెప్పకు చెల్లే, నామీద ఒట్టే" అన్నాడు. వాడి మీద ఒట్టు దాటలేక మళ్లీ కూర్చున్నాను.

నీళ్లతో కడిగి, బ్రష్షుతో ఆ పుల్లను రుద్ది, ఆరబెట్టి, గొట్టాన్ని మళ్లీ ఎక్కించాడు. నేను కిందికి పరుగెత్తాను. ఆ మధ్యాహ్నమంతా తిప్పాడు. పిండి ఆవాలైంది, ఆవాలు నువ్వులయ్యాయి, ఎండ పెంకుల మీద నుంచి జారేవేళకు పెరుగు తోడుకుంది. అమ్మ గడపలో నిలబడిపోయింది. నాయిన మంచం మీద లేచి కూర్చొని, ఇన్నాళ్లూ ఏమైందిరా దానికని అడిగాడు. గాలికి తిరిగిందన్నాడు అన్న. నాయిన తెర వైపు చూసి, తృప్తిగా, "నేను పూజ జేసిన గద రా, ఊకె పోతదా?" అన్నాడు. అన్న తలూపాడు. మర్నాడు పొద్దున వాడు టిఫిన్ డబ్బా పట్టుకొని షిఫ్టుకు పోయాడు. డిష్షు కొనుక్కోవడానికి వచ్చినతను బొమ్మ అంత బాగా వస్తుంటే అమ్మేస్తున్నారెందుకని అడిగితే, అమ్మ అతనికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు ఎవరి చేతిలో వాళ్ల బొమ్మలు ఉన్నాయి. పైన ఒకడు, గడపలో ఒకరు, తెర ముందు ఒకరు నిలబడి ఒక బొమ్మ కోసం గొంతులు చించుకునే అవసరం లేదు. మంచిదే, నాకేం ఏడుపు లేదు. వెలిమెలలో మేం పొయ్యికి కట్టెల కోసం తిరిగిన చోట గేట్లు పెట్టిన బంగళాలు లేచాయి. వాగు అప్పుడు రంగులతో పారేది, ఇప్పుడు పైకి తేటగా కనపడుతుంది, బర్రెలు మాత్రం ఇప్పటికీ మూతి పెట్టవు. మందు వాసన తగ్గిందంటారు. నేను సంగారెడ్డి నుంచి బస్సులో వస్తూ పటాన్‌చెరు దాటగానే ఇప్పటికీ పోల్చుకుంటాను, అద్దం మూయమని అరుస్తాను, జనం నన్ను వింతగా చూస్తారు. అన్నకు ఇప్పుడు నాయిన దగ్గే. తేడా ఏమిటంటే నాయిన నీళ్లు తాగేవాడు, వీడు జేబులోంచి ఆయాసానికిచ్చిన పంపు తీసి పీల్చుకుంటాడు. నాలుగు మెట్లు ఎక్కితే ఐదో మెట్టు మీద కూర్చుంటాడు. మేడలూ దాబాలూ పిల్లిలా ఎక్కినవాడు.

దినాల భోజనాలు అయిపోయి, జనం వెళ్లిపోయాక, అన్న షామియానా కింద ఒక కుర్చీలో కూర్చొని పంపు పీలుస్తున్నాడు. నేను ఇంకో కుర్చీ లాక్కొని ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్లూ మింగిందంతా కక్కేశాను. ఆ రోజు ఆ నిమ్మచెక్క నాయిన చేతిలో పెట్టి ఉంటే, ఆయనే నిన్ను మళ్లీ ఆ గేటు దాటనిచ్చేవాడు కాదు కదా అన్నాను. తన తప్పని తెలిస్తే తన మాట తానే వెనక్కి తీసుకునే మనిషి కదా అన్నాను. నీ ఊపిరి నువ్వే పారేసుకున్నావన్నాను. అనకూడని రోజే అన్నాను, కానీ ఆగలేకపోయాను.

అన్న కోపం తెచ్చుకోలేదు. ఊపిరి కుదిరేదాకా ఆగి, "నాకెరుకనే చెల్లే" అన్నాడు. "చెప్తే నన్ను ఆపుతుండె. కని ఇగ బతికినన్ని దినాలు నాయిన దేనికీ దండం పెట్టకపోతుండె. గా దండం మీదనే గద మనిషి దినాం డ్యూటీకి పోయింది."

షామియానా వాళ్లు వచ్చి కుర్చీలు అడిగారు. నేను లేవలేదు. అన్నే లేచి, తన కుర్చీ మడిచి వాళ్లకు అందించాడు.